జిడ్డు వదలించు ద్రవము, జబ్బు తగిలించు విషము

యంత్రభాగములను తళతళలాడించు ట్రైక్లోరోఎథిలీను, దానిని వాడు మనిషి మూత్రపిండములను, నాడులను, మెదడును క్రుంగదీయు తీరు. మాహూరు వంటి సరిహద్దు ఊళ్ల యువకులు దానిని గూర్చి తెలిసికొనవలసిన అవసరము

పైనగంగ నదికి చేరువలో, అడవులు క్రమ్మిన కొండల నడుమ, రేణుకామాత కోవెలతోను, దత్తాత్రేయుని జన్మస్థానమను ప్రసిద్ధితోను, శిథిలమైనను గాంభీర్యము తప్పని ప్రాచీన దుర్గముతోను యాత్రికులను రప్పించుకొను మాహూరు, నేడు మహారాష్ట్రమున నాందేడు జిల్లాలోనిదైనను తెలుగువారికి పరాయి ఊరు కాదు. మహారాష్ట్రులు మూడున్నర శక్తిపీఠములని లెక్కించు క్షేత్రములలో ఇది యొకటి. ఓరుగంటి వీధులను వర్ణించిన క్రీడాభిరామము మాహురమ్మను పేరుపెట్టి స్మరించినది. నేటికిని ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతముల భక్తులు ఆ కొండ యెక్కి, దంచిన తాంబూలమును ప్రసాదముగ స్వీకరించి మరలుచుందురు.

ఇది పెద్ద కర్మాగారములకు పేరొందిన ఊరు కాదు. అయినను, ఘాటు రోడ్డు నెక్కి దిగు బస్సులకును జీపులకును బ్రేకులు బాగుచేయు మెకానిక్ షెడ్డు ఏ ఊర నున్నను అక్కడ జిడ్డు వదలించు పని యుండును. పదియో పండ్రెండో చదివి, బ్రతుకుతెరువు వెదకికొనుచు హైదరాబాదు బాలానగరమునకో, జీడిమెట్లకో, పుణె ప్రక్కనున్న చాకనుకో పోవు యువకునకు తొలినాళ్లలో అప్పగింపబడు పనులలో నదియు నొకటి. ఏలయన, దానికి ప్రత్యేకమైన నేర్పు అక్కరలేదని పని యిచ్చువారి భావన. ఆ భావనయే ప్రమాదమునకు మొదటి మెట్టు.

తొట్టిలోని ఆవిరి

లేతుమీద తిరిగి వచ్చిన ప్రతి లోహఖండమును, షెడ్డు భాషలో చెప్పవలెనన్న ప్రతి జాబును, పలుచని చమురుపొర కప్పియుండును. ఆ పొర పోనిదే దానికి నికెలు పూత పట్టదు, రంగు నిలువదు, అతుకు కుదరదు. కిరసనాయిలు, పెట్రోలు ఈ పనికి చాలును గాని, నిప్పురవ్వ తగిలిన మాత్రమున భగ్గుమనును. అందువలన, తేలికగా అంటుకొనని క్లోరీను ద్రావణియైన ట్రైక్లోరోఎథిలీను ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో పరిశ్రమల కెక్కినప్పుడు, అగ్నిభయమును తొలగించిన ఉపకారిగనే దానిని అందరును ఆదరించిరి. టీసీఈ యని పొట్టిపేరు పొందిన ఆ ద్రవము అగ్నిభయమును తగ్గించినమాట నిజమే. కాని, కంటికి కనబడు ప్రమాదమునకు బదులుగా కంటికి కనబడనిదానిని తెచ్చిపెట్టినది.

దానిని వాడు విధానము సరళము. పైమూత తెరచియున్న లోతైన ఉక్కుతొట్టిలో అడుగున ద్రవమును కాచుదురు. 87 డిగ్రీల సెల్సియసు వద్ద అది మరగి, గాలికంటె నాలుగున్నర రెట్లు బరువైన ఆవిరిగా మారి, అంచు క్రిందనున్న చల్లని నీటిగొట్టములవరకు పేరుకొని యుండును. వైరు గంపలో పేర్చిన జాబులను అందులోనికి దింపగనే, చల్లని నీళ్లున్న చెంబుపై చెమ్మ పట్టినట్లు వాటిపై ఆవిరి ద్రవమై, జిడ్డును కరగించుకొని బొట్లుబొట్లుగా క్రిందికి జారును. గంపను నిమిషమునకు రమారమి మూడు మీటర్లకు మించని వేగముతో దింపి, అంతే నిదానముగా ఎత్తి, తడి ఆరువరకు ఆవిరిమట్టమునకు పైన ఆపియుంచవలెనని నియమము. లెక్కకు మిక్కిలి జాబులు తేల్చవలసిన డ్యూటీలో ఆ నిదానము ఎవరికుండును? గంపను విసురుగా పైకి లాగినప్పుడెల్ల దానివెంట ఆవిరియు లేచి, తొట్టిపై వంగియున్న మనిషి ముఖమును తాకును. చిన్న షెడ్లలో ఆ తొట్టియు లేదు. డబ్బాలో పోసిన ద్రవము, అందులో ముంచిన గుడ్డపీలిక, తొడుగులేని చేయి, అంతియే.

తియ్యని వాసన చేయు ద్రోహము

ఈ ద్రవపు వాసన క్లోరోఫారమును పోలి యించుక తియ్యగా నుండును. ముక్కు కొంతసేపటికే దానికి అలవాటుపడిపోవుటచే, వాసన తెలియకపోవుట గాలి శుభ్రమైనదనుటకు సాక్ష్యము కానేరదు. ఒకప్పుడు ఆసుపత్రులలో దీనిని మత్తుమందుగా వాడిరన్న సంగతి గుర్తుంచుకొన్నయెడల, పనివాడు సాయంకాలమునకు తలతిరుగుచున్నదని, కడుపులో త్రిప్పుచున్నదని, నిద్రముంచుకొని వచ్చుచున్నదని చెప్పుట సోమరితనము కాదని తెలియును. పని ముగిసిన పిమ్మట గుక్కెడు కల్లో సారాయో త్రాగినంతనే ముఖము, మెడ ఎఱ్ఱబారుట ఈ వృత్తివారిలో వైద్యులు చిరకాలముగా గుర్తించిన చిహ్నము. ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చు నాడి దెబ్బతిని చెంపలు, పెదవులు మొద్దుబారుట మరియొకటి. చైనా మొదలగు ఆసియా దేశములలో, క్రొత్తగా పనిలో చేరిన కొందరికి కొద్ది వారములలోనే జ్వరము, ఒళ్లంతయు దద్దురు, కాలేయపు వాపు కలసివచ్చి ప్రాణముమీదికి తెచ్చిన సందర్భములు వైద్యగ్రంథముల కెక్కినవి.

ఇవి తక్షణమో, త్వరలోనో కనబడునవి. దీర్ఘకాలమునకు పైకి వచ్చునవి ఇంతకంటె దారుణములు. ఫ్రాన్సులోని లియాన్ నగరమున నున్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో సాక్ష్యములను పరిశీలించి, టీసీఈ మూత్రపిండముల క్యాన్సరును కలిగించునని నిర్ధారించి, మానవులకు నిశ్చయముగా క్యాన్సరు తెచ్చు పదార్థముల మొదటి వర్గములో దానిని చేర్చినది. అమెరికాలోని క్యాంప్ లెజూన్ సైనికస్థావరమున 1953 మొదలు 1987 వరకు త్రాగునీటిలో ఈ ద్రావణియు, దీనివంటి ఇతర రసాయనములును కలసియుండెను. అక్కడ నివసించిన సైనికులలో పార్కిన్సన్ వ్యాధి సంభావ్యత, కలుషితము కాని మరియొక స్థావరపు సైనికులకంటె 70 శాతము అధికమని 2023లో ప్రచురితమైన అధ్యయనము వెల్లడించినది. యౌవనమున పీల్చిన ఆవిరి వార్ధక్యమున చేతులు వణకించుటకు కారణము కావచ్చుననుటకంటె ఆలోచింపదగిన విషయ మేమున్నది?

తొట్టి అడుగున మృత్యువు

ఆకస్మిక మరణములకు ప్రధానస్థానము తొట్టి అడుగు. జిడ్డు, ఇనుపరజను పేరుకొన్న బురదను తీయుటకై ద్రవమును తోడివేసి, తొట్టి ఖాళీయైనదని నమ్మి మనిషి లోనికి దిగును. బరువైన ఆవిరి మాత్రము అడుగున నిలిచియే యుండును. రెండు మూడు నిమిషములలో అతడు స్పృహ దప్పి కూలగా, పైనున్న తోటివాడు స్నేహధర్మముతో వెనుకముందు చూడక లోనికి దూకి తానును పడిపోవును. ముఖమునకు కట్టిన చేతిరుమాలు ఆవిరిని ఆపదు. బొగ్గు నింపిన ముసుగును అట్టిచోట చాలదు. వెలుపలినుండి గాలి నందించు శ్వాసయంత్రము, నడుమునకు త్రాడు, పైన కాపలాదారు, దిగుటకు ముందు గాలిపరీక్ష, వ్రాతపూర్వకమైన అనుమతి యున్నగాని ఎవ్వరును దిగరాదు. సాధారణ రబ్బరు తొడుగులను కూడ టీసీఈ స్వల్పకాలములోనే దాటిపోవును.

మరియొక మాట. ఈ తొట్టికి దగ్గరలో వెల్డింగు చేసినయెడల, ఆ వేడికిని వెలుగునకును ఆవిరి విడిపోయి ఫాస్జీను పుట్టును. మొదటి ప్రపంచయుద్ధమున ఆయుధముగా వాడిన వాయువది. పీల్చిన కొన్ని గంటల తరువాతగాని ఊపిరితిత్తులలో నీరు చేర్చదు గనుక, బాగున్నాననుకొని ఇంటికి పోయిన మనిషి రాత్రికి ఆసుపత్రి పాలగును.

పేరు మార్చుకొని వచ్చు శత్రువు

అట్లయిన వేరొక ద్రావణిని వాడరాదా యని అడుగవచ్చును. చరిత్ర ఇచ్చు సమాధానము జాగ్రత్తగా వినదగినది. కాలేయమును చెఱచు కార్బన్ టెట్రాక్లోరైడు స్థానమున టీసీఈ వచ్చినది. టీసీఈకి బదులుగా వ్యాపించిన మిథైల్ క్లోరోఫారము ఓజోను పొరను తినివేయుటచే, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము ననుసరించి దానిని తొలగింపవలసివచ్చినది. పిమ్మట రంగమున ప్రవేశించిన బ్రోమోప్రొపేను కాళ్ల నాడులను దెబ్బతీయునని తేలినది. హెక్సేను సంగతియు నంతే: చైనాలోని సుజౌ నగరమున 2009లో సెల్‌ఫోను తెరలను దానితో తుడిచిన 137 మంది కార్మికులు నాడీవ్యాధి పాలైరి, అమెరికాలోని కాలిఫోర్నియాలో హెక్సేనున్న బ్రేకు క్లీనరును నిత్యము చల్లిన వాహన మెకానికులకు చేతులు, కాళ్లు మొద్దుబారినవి. ఘాటు రోడ్డు ప్రక్క షెడ్డులో బ్రేకు డ్రమ్మును తుడుచు కుఱ్ఱవానికి ఈ కడపటి ఉదాహరణము అన్నిటికంటె దగ్గరిది. కావున, సీసాపై పేరు మారినంతమాత్రమున ప్రమాదము తొలగినదని నమ్మరాదు. సాధ్యమైనచోట వేడినీటితోను క్షారద్రవములతోను కడుగుట, అతిధ్వని తరంగముల తొట్టిని వాడుట, ద్రావణి తప్పనిచోట పూర్తిగా మూసిన యంత్రమును, తొట్టి అంచునే ఆవిరిని లాగు గాలిగొట్టమును అమర్చుట, ఇదియే సరియైన క్రమము. ముసుగులు, తొడుగులు దాని తరువాతి మాట.

ఐరోపా సమాఖ్య 2016 ఏప్రిల్ 21 తరువాత ప్రత్యేకానుమతి లేనిదే టీసీఈ వాడరాదని శాసించినది. అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో నిషేధ నియమమును ప్రకటించినది. అందు కొన్ని భాగములు న్యాయవివాదములలో చిక్కుకొన్నవి.

చట్టము కలదు, అందునా?

మనదేశమున చట్టము లేకపోలేదు. భోపాలు ఘోరము తరువాత 1987లో, 1948 నాటి కర్మాగారముల చట్టమునకు చేర్చిన ప్రకరణములు, పనివానికి రసాయనముల ప్రమాదమును తెలుపుట యజమాని బాధ్యతయని చెప్పినవి. గాలిలో టీసీఈ పరిమితిని, ఎనిమిది గంటల సగటున, పదిలక్షల పాళ్లకు 50 పాళ్లుగా నిర్ణయించినవి. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్యనిపుణుల సంఘము సూచించు పరిమితి 10 మాత్రమే. కార్మికుల నష్టపరిహారమునకై 1923లో చేసి, 2025 నవంబరు వరకు అమలులోనుండిన చట్టపు వృత్తివ్యాధుల పట్టికలో క్లోరీను వంటి హాలోజనులు కలసిన హైడ్రోకార్బనుల వలని వ్యాధులును చేరియుండెను; ఆరునెలలకు తక్కువ కాకుండ ఆ పని చేసినవానికి ఆ చట్టము పరిహారపు హక్కు నిచ్చినది. కర్మాగారముల చట్టము స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి మాత్రము, విద్యుత్తుతో నడుచు కర్మాగారమునకు కావలసిన కనీస కార్మికసంఖ్యను పదినుండి ఇరువదికి పెంచినది. నలుగురైదుగురు పనిచేయు షెడ్డు ఆ నిర్వచనమునకు నాడును అందలేదు, నేడును అందదు. ద్రవము మాత్రము అక్కడ ఉన్నవారి సంఖ్యను లెక్కించి తన గుణమును మార్చుకొనదు.

అన్నిటికంటె పెద్ద లోపము, వ్యాధిని పనితో ముడివేయువారు లేకపోవుట. పట్టణమున పదేండ్లు తొట్టివద్ద నిలిచినవాడు మూత్రమున నెత్తురు కనబడునప్పటికి సొంత ఊరు చేరియుండును. కంపెనీ వైద్యపుస్తకము అతనివెంట రాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని 1700లో వృత్తివ్యాధులపై గ్రంథము వ్రాసి, రోగిని నీవు చేయు పని యేమని అడుగుట మరువవలదని తోటి వైద్యులను కోరెను. మూడు శతాబ్దములు గడచినను, రద్దీగానున్న మన ఆసుపత్రులలో ఆ ప్రశ్న అరుదుగనే వినబడుచున్నది. వారాంతమున మూత్రములో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమును కొలిచిన, పనివాడు ఎంత ఆవిరిని పీల్చుచున్నాడో చాలవరకు తెలియును. ఆ పరీక్షను కోరవలెనన్న ఆలోచన రావలెను గదా.

వాడిన ద్రవమును షెడ్డు వెనుక మట్టిలో పారబోయుట మరియొక దురాచారము. నీటికంటె దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైన టీసీఈ భూమిలోనికి దిగి, భూగర్భజలములో చేరి, దశాబ్దములు నిలువగలదు. మాహూరు ప్రక్కగా పారు పైనగంగ వార్ధలో కలసి, అది ప్రాణహితయై, కాళేశ్వరమువద్ద గోదావరిని చేరుచున్నది. ఎగువ ఊళ్ల అజాగ్రత్త దిగువవారికిని సంబంధింపనిది కాదు.

యజమానులారా, డ్రమ్ములపై ఆంగ్లమున అచ్చైన హెచ్చరికలను పనివాడు మాటలాడు తెలుగున, మరాఠీలో, గోండీలో, లంబాడీలో చదివి వినిపింపుడు. వ్రాయించి గోడకు తగిలింపుడు. వైద్యులారా, తలనొప్పి యని వచ్చిన యువకుని ఏమి పని చేయుచున్నాడో అడుగుడు. తమ్ములారా, మీచేత పట్టించిన ద్రవము పేరేమో అడిగి తెలిసికొని, ఎంతకాలము దానితో పనిచేసితిరో ఒక కాగితముపై వ్రాసి దాచుకొనుడు. రేపు వైద్యునకు దారి చూపునదియు, పరిహారము కోరునాడు మీపక్షమున నిలుచునదియు ఆ కాగితమే.