వీధంతా కామెర్లు వస్తే కారణం ఎలా కనిపెడతారు? హెపటైటిస్ ఈ వెనుక కథ

వీధిలో ఒకరికి కామెర్లు వస్తే పథ్యం, పసరు మందు అంటాం. ఇద్దరికి వస్తే ఎండాకాలం కదా అని సరిపెట్టుకుంటాం. నాలుగో ఇంటికో, ఐదో ఇంటికో పాకాక గానీ ఎవరూ నల్లా నీళ్ల వైపు చూడరు. మన ఇళ్లలో పీలియా, యర్కాన్ అని పిలుచుకునే ఈ జబ్బుకు కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఒకే ప్రాంతంలో, ఒకేసారి చాలామంది పెద్దవాళ్లకు వచ్చిందంటే మొదట అనుమానించాల్సిన వాటిలో హెపటైటిస్ ఈ ఒకటి.

ఇది కాలేయానికి సోకే వైరస్. రోగి మలం ద్వారా బయటికి వచ్చి, తాగే నీళ్లలో కలిసి ఇంకొకరికి చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 2 కోట్ల మందికి సోకుతుంది. వాళ్లలో దాదాపు 33 లక్షల మందికే లక్షణాలు బయటపడతాయి. 2015లో సుమారు 44 వేల మంది దీనితో చనిపోయారు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. భయమంతా గర్భిణుల గురించే. చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది వరకు ప్రాణాలు పోవచ్చు. ఎక్కడైనా కామెర్లతో గర్భిణులు చనిపోతున్నారని తెలిస్తే డాక్టర్లు ఉలిక్కిపడేది అందుకే.

ఈ జబ్బును విడిగా గుర్తించిన కథ కశ్మీర్‌లో మొదలైంది. 1978 చలికాలంలో గుల్మర్గ్ నుంచి వూలర్ సరస్సు వైపు ఉన్న పల్లెల్లో కామెర్లు అంటుకున్నాయి. సుమారు 52 వేల మంది జబ్బుపడ్డారు, 1,700 మంది దాకా చనిపోయారని అంచనా. అప్పటికి నీళ్ల ద్వారా వచ్చే కామెర్లంటే హెపటైటిస్ ఏ అనే అందరి నమ్మకం. శ్రీనగర్‌కు చెందిన డాక్టర్ మొహమ్మద్ సుల్తాన్ ఖురూకి మాత్రం లెక్క కుదరలేదు. చిన్నప్పుడే హెపటైటిస్ ఏ వచ్చిపోయే ప్రాంతంలో ఇంతమంది పెద్దవాళ్లు ఎందుకు పడుతున్నారు? గర్భిణులే ఎందుకు ఎక్కువ చనిపోతున్నారు? ఊళ్లు తిరిగి వివరాలు రాసుకుని, రక్తం నమూనాలు పరీక్ష చేయిస్తే అది ఏ కాదు, బీ కాదు అని తేలింది. 1980లో ఆ సంగతి ప్రచురించారు. 1955-56లో యమున నీళ్ల వల్ల ఢిల్లీలో 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చినప్పుడు దాచిన నమూనాలను కూడా అదే కాలంలో మళ్లీ పరీక్షించారు. అక్కడా హెపటైటిస్ ఏ కాదు! 1983లో రష్యన్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్, అఫ్గానిస్తాన్‌లో జబ్బుపడిన సోవియట్ సైనికుల మలం నుంచి తీసిన ద్రవం తానే తాగి, జబ్బుపడి, వైరస్‌ను మైక్రోస్కోప్‌లో చూపించాడు. అంత తెగింపు ఎందుకో గానీ, ఆ వైరస్‌కు హెపటైటిస్ ఈ అనే పేరు ఆ తర్వాతే స్థిరపడింది.

ఇక జాడ తీయడం ఎందుకు అంత కష్టమో చూద్దాం. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. అంటే ఈరోజు కళ్లు పచ్చబడిన మనిషి చెడ్డ నీళ్లు తాగింది నెలా నెలన్నర కింద. ఇవాళ నల్లా నీళ్లు పట్టి ల్యాబుకు పంపితే శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు రావచ్చు. అధికారులు ఆ కాగితం చూపించి 'మా నీళ్లలో దోషం లేదు' అంటే నమ్మి ఊరుకోకూడదు. పైపు బాగుచేశాక కూడా రెండు నెలల దాకా కొత్త కేసులు వస్తూనే ఉంటాయి. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఇలా చెప్తా: దుకాణం మూసేసినా పాత ఉద్దెర ఖాతాలు వరసగా బయటికి వచ్చినట్టే.

అందుకే దర్యాప్తు చేసేవాళ్లు నీళ్ల కంటే ముందు మనుషుల జాబితా రాస్తారు. పేరు, వయసు, ఇల్లు, జబ్బు మొదలైన తేదీ, గర్భిణా కాదా, తాగే నీళ్లు ఎక్కడివి. కొందరి రక్తంలో ఐజీఎం పరీక్ష చేసి వైరస్ ఇదేనని నిర్ధారిస్తారు. ఆ తర్వాత కేసులను మ్యాపు మీద గుర్తుపెట్టి, పక్కనే పైపుల మ్యాపు పెట్టి చూస్తారు.

మన హైదరాబాద్‌లో 2005లో జరిగింది అదే. ఆ ఏడాది మార్చిలో కామెర్ల కేసులు కనిపించాయి. దర్యాప్తులో 1,600కు పైగా కేసులు తేలాయి. తెరిచి ఉన్న మోరీలను దాటుకుంటూ వెళ్లే పైపుల నీళ్లు తాగిన ప్రాంతాల్లో జబ్బు మిగతా చోట్ల కంటే చాలా ఎక్కువని బయటపడింది. నీళ్లు రోజంతా రాని ఊళ్లలో ఇది మామూలు ప్రమాదం. పైపు ఖాళీగా ఉన్నప్పుడు చిల్లు గుండా మురుగు లోపలికి పోతుంది. నల్లాకు నేరుగా మోటార్ బిగించి లాగితే ఇంకా త్వరగా పోతుంది. మోటార్ మనదే, మురుగు కూడా మన బిందెలోకే.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇది పంది మాంసం జబ్బు అని కూడా కనిపిస్తుంది. 'అయితే మనకేం సంబంధం' అనుకునేవాళ్లు ఉన్నారు. యూరప్ లాంటి చోట్ల పంది, అడవి పంది, జింక మాంసం సరిగ్గా ఉడకక వచ్చే రకాలు ఉన్న మాట నిజమే. మన దేశంలో ఊళ్లకు ఊళ్లను పట్టేది మనుషుల నుంచి నీళ్ల ద్వారా పాకే రకం. అది ఎవరి వంటింటినీ అడిగి రాదు.

ఈమధ్య ఇది ఎక్కువగా కనిపిస్తున్నది శరణార్థి శిబిరాల్లో. సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి తూర్పు చాద్ చేరినవాళ్లు ఉన్న ప్రాంతంలో 2024 మొదటి నాలుగు నెలల్లోనే 2,000కు పైగా అనుమానిత కేసులు వచ్చాయి. అలాంటి చోట మరుగుదొడ్లు కట్టడం, నీళ్లు పట్టుకునే దగ్గరే బిందెబిందెలో క్లోరిన్ కలపడం లాంటివి చేస్తారు.

టీకా లేదా అంటే ఉంది. హెకోలిన్ అనే టీకాకు చైనా 2011లోనే అనుమతి ఇచ్చింది. ఆరు నెలల్లో మూడు డోసులు. అందరికీ వేయమని కాకపోయినా, జబ్బు విజృంభించిన చోట గర్భిణులతో సహా ప్రమాదంలో ఉన్నవాళ్లకు వాడే సంగతి ఆలోచించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కానీ ఒక విజృంభణను ఎదుర్కోవడానికి దాన్ని మొదటిసారి వాడింది 2022లో, దక్షిణ సూడాన్‌లోని బెంతియు శిబిరంలో. అక్కడి ఆరోగ్య శాఖ, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ కలిసి 16 నుంచి 40 ఏళ్ల వయసున్న సుమారు 25 వేల మందికి వేశాయి. అనుమతి వచ్చాక పదకొండేళ్లకు! చనిపోయేది ఎక్కువగా పేద దేశాల గర్భిణులు కాకపోయుంటే ఇంత ఆలస్యం అయ్యేదా అన్నది నా అనుమానం.

మన దగ్గర 2004 నుంచి ఐడీఎస్‌పీ అనే నిఘా వ్యవస్థ ఉంది. ఏ జిల్లాలో ఏ జబ్బు పెరుగుతోందో ఆస్పత్రుల నుంచి వచ్చే లెక్కలను బట్టి చూస్తుంది. అందులో చిక్కేంటంటే, పసరు మందుకు వెళ్లినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా ఉండరు. అందుకే మీ వీధిలో ఒకే నెలలో రెండు మూడు ఇళ్లలో కామెర్లు కనిపిస్తే బస్తీ దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో, ఆశా కార్యకర్తకో చెప్పండి. ఎవరికి ఎప్పుడు మొదలైందో తేదీలు రాసిపెట్టుకుంటే వాళ్ల పని సగం అయినట్టే. ఇంట్లో గర్భిణి ఉండి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, వాంతులు ఆగకపోయినా, పెద్దవాళ్లు ఏ మందు చెప్పినా సరే, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చి తాగడం ఇంటిల్లిపాదికీ అవసరం. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ సరిగ్గా పనిచేయదు, ముందు వడకట్టుకోవాలి.