పిల్లి పుండుకు దాని నెత్తురే మందు

మిరప కోతల రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కల్లాలు ఎర్రబడతాయి. ఇళ్లలో మిర్చి టిక్కీలు, పత్తి బోరేలు, వాటి సందుల్లో ఎలుకలు. కాపలా పిల్లిదే. పొరుగు గండుపిల్లితో ఒక్కసారి కలబడిందంటే దాని ఒంటిమీద కోరపోటు మిగులుతుంది.

కోర సూదిలా దిగుతుంది. పైచర్మం త్వరగా మూసుకుంటుంది. నోటి నుంచి చేరిన పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులు లోపల చిక్కుకొని చీముగడ్డ కడతాయి. అది పగిలితే పెద్ద పుండు.

పిల్లి గాయం మానే తీరు కుక్కకు లాగా ఉండదు. బోలింగ్ అనే పశువైద్య పరిశోధకుడి బృందం 2004లో రెండింటినీ పోల్చి చూసింది. కుట్లు వేసిన ఏడో రోజుకు పిల్లి గాయానికి వచ్చిన గట్టిదనం కుక్క గాయంలో సగమే. పుండు పూడ్చే కొత్త కండ కూడా పిల్లిలో ఆలస్యంగా, అంచుల నుంచి వస్తుంది.

ఇక్కడ నెత్తురులోని ప్లేట్‌లెట్లు అక్కరకొస్తాయి. ఇవి నెత్తురును గడ్డకట్టించడంతో ఆగవు. కొత్త కణాలను, రక్తనాళాలను పెంచే వృద్ధి కారకాలను వదులుతాయి. పశువైద్యులు అదే పిల్లి నుంచి కొన్ని మిల్లీలీటర్ల నెత్తురు తీసి, సిట్రేట్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకు దిగి, లేతపసుపు ప్లాస్మా పైకి తేరుతుంది. ప్లేట్‌లెట్లు మెండుగా ఉన్న భాగాన్ని కాల్షియంతో జున్నులా గడ్డకట్టించి పుండుమీద పరుస్తారు.

నాలుగు కిలోల పిల్లి ఒంట్లో నెత్తురు దాదాపు పావు లీటరే, కాబట్టి లెక్కగా తీయాలి. దాని ప్లేట్‌లెట్లు ఇట్టే ముద్దకడతాయి, కాబట్టి చెయ్యి తిరిగినవారే తీయాలి. పిల్లుల్లో ఎ, బి, ఎబి రక్తవర్గాలున్నాయి. బి పిల్లికి ఎ నెత్తురు ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. సొంత నెత్తురుతో ఆ భయం లేదు.

అయితే చీము తీసి, చచ్చిన కండ తొలగించి, శుభ్రంగా కడిగాకే ఈ వైద్యం. ఇది యాంటీబయాటిక్‌కు బదులు కాదు, మొండిపుండుకు తోడుమందు.

కిరసనాయిల్, ఫినాయిల్ పూయకండి. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది. ఫినాల్‌ను విరిచే శక్తి దాని కాలేయానికి చాలదు. పారాసెటమాల్ ఒక్క బిళ్లయినా దాన్ని చంపగలదు. మిమ్మల్ని కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడుక్కొని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కోరపోటు పైకి మానినట్టు కనిపించిన రోజునే చుట్టూ మెల్లగా తడిమి చూడండి. వేడిగా, మెత్తగా తగిలితే తెల్లారేదాకా ఆగకండి, పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరండి.