వెనక వరసలో చెల్లో కుర్రాడు

వార్షికోత్సవం దగ్గర పడితే పిల్లలకు వంతులు పంచేస్తాం. ముందు నిలబడి పాడేవాళ్లు కొందరు, వెనక తాళం వేసేవాళ్లు కొందరు. ఎవరి వంతు వాళ్లకే నేర్పుతాం. తరగతికి పది మంది తెలుగు పిల్లలు ఉండే మన బడుల్లో ఒకరు రాకపోతే పాటే ఆగిపోతుంది. మేమూ ఏళ్ల తరబడి అలాగే చేశాం. టోస్కానినీ కథ తెలిశాక మార్చుకున్నాం.

ఆర్టురో టోస్కానినీ 1867లో ఇటలీలోని పార్మాలో పుట్టాడు. తండ్రి దర్జీ. అక్కడి సంగీత కళాశాలలో చెల్లో నేర్చుకున్నాడు. చెల్లో అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం. అతనికి చూపు సరిగా ఆనదు. ఎదుట పెట్టిన స్వరాల పుస్తకం చూసి వాయించడం కష్టం. అందుకని అంతా కంఠతా పట్టేవాడు, తన వంతే కాదు, మిగతా వాద్యాలవి కూడా.

1886లో ఒక ఒపేరా బృందంతో బ్రెజిల్ వెళ్లాడు. ఒపేరా అంటే కథంతా పాటల్లో నడిచే నాటకం. జూన్ 30 రాత్రి రియో డి జనీరోలో వెర్డీ 'ఐడా' ఆడాలి. వాద్యబృందాన్ని నడిపే కండక్టరు అప్పటికే గొడవపడి తప్పుకున్నాడు. బదులుగా వచ్చినవారిని జనం గోల చేసి దింపేశారు. తోటివాళ్ల బలవంతం మీద 19 ఏళ్ల టోస్కానినీ చెల్లో పక్కన పెట్టి లేచాడు. పుస్తకం మూసేసి, ఆట మొత్తం చూడకుండా నడిపించాడు.

మాకు ఇంకా నచ్చింది తర్వాతి సంగతి. అంత పేరు వచ్చాక కూడా 1887లో మిలాన్‌లోని లా స్కాలాలో వెర్డీ 'ఒథెల్లో' తొలి ప్రదర్శనకు మళ్లీ చెల్లో పట్టుకుని అందరితో పాటు కూర్చున్నాడు. 1898లో అదే లా స్కాలాకు సంగీత సారథి అయ్యాడు. 87 ఏళ్ల వయసులో, 1954లో, చివరి కచేరీ నడిపించాడు.

ఇప్పుడు మా బడిలో పాట మొత్తం అందరికీ నేర్పుతున్నాం. కిందటేడు ముందు పాడే పాపకు జ్వరం వస్తే, వెనక కంజీర వాయించే పిల్లాడు పాట అందుకుని చివరిదాకా నడిపాడు. బోర్డు చూసి సరిగా రాయడని మేం మందలించే పిల్లాడే. తల్లిదండ్రులకు చెప్పి కళ్లు పరీక్ష చేయిస్తే అద్దాలు కావాలన్నారు.

అంతకాలం వాడు చెవితోనే చదువుకున్నాడు. మేం గమనించలేదు.