నలుగురిలో వద్దు, పక్కకు పిలిచి

ఉపాధ్యాయుడికీ విద్యార్థికీ మధ్య గొడవ చాలాసార్లు చిన్న విషయంతోనే మొదలవుతుంది. హోంవర్కు తేలేదనో, యూనిఫాం వేసుకోలేదనో, చివరి బెంచీలో ఎవరో నవ్వారనో. క్లాసంతా చూస్తుండటంతో అది పెద్దదవుతుంది. నలుగురిలో పరువు పోయిందనుకున్న కుర్రాడు వెనక్కి తగ్గడు. తగ్గితే క్లాసు చేజారుతుందని సారూ తగ్గరు.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఈ పరువుకు బరువెక్కువ. ఫ్యాక్షన్ కక్షలను చాలాకాలం మోసిన నేల ఇది. కులాన్నో, తండ్రి చేసే పనినో ఎత్తి ఒక్క మాట తూలితే అది బడి గేటు దాటి ఊళ్లోకి పోతుంది. అందుకే మందలింపు చేసిన పని దగ్గరే ఆగాలి. ‘లెక్క చేయలేదేం?’ అని అడగొచ్చు, ‘నీ బతుకింతే’ అనకూడదు.

పిల్లాడు ఎదురు తిరిగినప్పుడు గొంతు పెంచితే మంట రాజుకుంటుంది. దగ్గరికి వెళ్లి, వాడికి మాత్రమే వినపడేలా ‘ఇప్పుడు కూర్చో నాయనా, ఇంటర్వెల్‌లో మాట్లాడుకుందాం’ అని, వెంటనే పాఠంలోకి వెళ్లిపోతే చాలా గొడవలు అక్కడే చల్లబడతాయి. ఇంటర్వెల్‌లో తప్పు కంటే ముందు కారణం అడగాలి. పొద్దున ఏమైనా తిన్నాడా, ఇంట్లో ఏమైనా జరిగిందా? తొమ్మిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలు ఉంటారు. లేచి చదవమనగానే అల్లరికి దిగేది తరచూ వీళ్లే. మొద్దు అనిపించుకోవడం కంటే అల్లరోడు అనిపించుకోవడమే వాళ్లకు నయం. వీళ్లకు శిక్ష కంటే రోజూ పావుగంట చదివించడమే మందు.

ఒక్కొక్కరినీ ఇలా దిద్దాలంటే పక్కన కూర్చునే వీలుండాలి. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరు. ఆ పనిలో తన పక్కన కూర్చుని ఉలి పట్టినవాడి తప్పును గురువు అక్కడికక్కడే దిద్దుతాడు. కిక్కిరిసిన తరగతిలో ఆ వీలు లేదు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది ఊరికే కాదు.

‘కళ్లు రెండూ వదిలి తోలు ఒలిచేయండి సార్’ అని పిల్లల్ని అప్పజెప్పే కాలం పోయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం తీసేశారు సరే, బదులుగా ఏం చేయాలో నేర్పే శిక్షణ అంతగా అందలేదన్న ఉపాధ్యాయుల బాధలో న్యాయముంది. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లల్ని దండించలేక, వాళ్ల ముందు తానే గుంజీలు తీశారు. ఆ ఆవేదన నిజమైనదే, కానీ దాన్ని రోజూ వాడే పద్ధతిగా చేసుకోలేం.

తల్లిదండ్రుల్ని గొడవ ముదిరాకే పిలిస్తే వాళ్లు కక్షిదారులై వస్తారు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ లాంటి సమావేశాల్లో పిల్లాడి గురించి ఒక మంచి మాట ముందు చెబితే, తర్వాత చెప్పే ఫిర్యాదు చెవికెక్కుతుంది.

చేయి చేసుకునేదాకా వస్తే ప్రధానోపాధ్యాయుడు ఇద్దర్నీ వేరుచేసి, ఎవరి మాట వారితో విడిగా రాయించుకోవాలి. మొదట గాయాలు చూడాలి, విచారణ తర్వాత. బెదిరింపులున్న పిల్లలకు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. టీసీ చేతిలో పెట్టి పంపేయడం పరిష్కారం కాదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది.