హారమును ఎప్పుడు తొలగింపవచ్చును?

సాయంకాలము పిల్లవాడు లెక్కల పుస్తకము తెచ్చి తండ్రి ముందుంచును. సమీకరణములో భిన్నములు కనబడగానే తండ్రి "రేపు మాస్టారిని అడుగు" అని తప్పించుకొనును. పలు గృహములలో ఇది నిత్యము జరుగునదే. ఈ భయమునకు మూలమొక చిన్న చిక్కు. దానిని విప్పుటయే మా నేటి ఉద్దేశము. శ్రోతలు కాగితమును, పెన్సిలును చేరువనుంచుకొందురుగాక.

ఒక గృహస్థు తన తోటలోని కొబ్బరికాయలలో సగము దేవాలయమునకును, మూడవవంతు బంధువులకును ఇచ్చెను. ఇంటిలో 5 కాయలు మిగిలెను. మొత్తమెన్ని? తెలియని రాశిని 'య' అందము. అప్పుడు సమీకరణమిది:

య/2 + య/3 + 5 = య

ఇందలి హారములు 2, 3. ఈ రెంటిచేతను నిశ్శేషముగా భాగింపబడు సంఖ్యలలో మిక్కిలి చిన్నది 6. దీనినే కనిష్ఠ సామాన్య గుణిజమందురు. ఇరుప్రక్కల నున్న ప్రతి పదమును 6 చేత గుణింతము:

3య + 2య + 30 = 6య

భిన్నములు మాయమైనవి. 5య + 30 = 6య కనుక య = 30. సరిచూతము: 15 కాయలు దేవాలయమునకు, 10 బంధువులకు, 5 ఇంటికి; మొత్తము 30.

పిల్లలు పొరపడు తావు ఇచ్చటనే కలదు. 5 క్రింద హారము లేదు గదా యని దానిని గుణింపక విడిచిపెట్టుదురు. అప్పుడు 5య + 5 = 6య అయి, య = 5 అని వచ్చును. ఐదు కాయలలో సగమును, మూడవవంతును పంచిన పిమ్మట ఐదును మిగులునా? సమీకరణము తక్కెడ వంటిది. ఒక సిబ్బెలోని బరువును ఆరింతలు చేసినచో, రెండవ సిబ్బెలోనిదియు ఆరింతలు కావలయును. సిబ్బెలోని ఒక్క వస్తువును మరచినను ముల్లు ఒరిగిపోవును.

రెండవ పొరపాటు దీనికి విపరీతము. 1/2 + 1/3 ఎంతయని యడిగిన, ఇప్పుడు నేర్చిన ఉపాయమును తలచి, 6 చేత గుణించి "5" అని చెప్పువారు కలరు. సగము రొట్టెయు, మూడవవంతు రొట్టెయు కలసిన ఐదు రొట్టెలగునా? ఇచ్చట రెండవ సిబ్బె లేదు. కనుక గుణించినంతనే విలువ మారిపోవును. కేవలము భిన్నములను కూడునప్పుడు హారమును నిలుపుకొని 5/6 అనవలెను. సమానచిహ్నమున్న చోటనే, అదియు ఇరుప్రక్కలను ఒక్కటిగా గుణించియే, హారమును తొలగింపవచ్చును. తండ్రులు పిల్లలకు నేర్పవలసిన ముఖ్యభేదమిదియే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. సుమారు 850లో మహావీరాచార్యుడు తన 'గణితసారసంగ్రహము'న కనిష్ఠ సామాన్య గుణిజమును 'నిరుద్ధము' అను పేర వివరించెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

1150లో భాస్కరాచార్యుడు రచించిన 'లీలావతి'లో తుమ్మెదల లెక్క యొకటి ప్రసిద్ధము. ఒక గుంపులో అయిదవవంతు కదంబపుష్పముపైకి, మూడవవంతు శిలీంధ్రపుష్పముపైకి పోయెను. ఆ రెండు భాగముల భేదమునకు మూడింతలు కుటజవృక్షమును చేరెను. మిగిలిన ఒక్క తుమ్మెద ఆకాశమున తిరుగాడుచుండెను. గుంపులో తుమ్మెదలెన్ని?

య/5 + య/3 + 3(య/3 − య/5) + 1 = య

ఇచ్చట గుణిజము 15. కుండలీకరణము గల పదమున జాగరూకత వలయును: 15ను లోపలి భిన్నములకు వినియోగించిన పిమ్మట, బయటి 3ను మరల గుణింపరాదు. ఆ పదము 3(5య − 3య), అనగా 6య అగును. ఒంటరి తుమ్మెద మాత్రము 15 అగును. దానిని మరువరాదు.

3య + 5య + 6య + 15 = 15య

కనుక య = 15. సరిచూడగా 3, 5, 6, 1 కలసి 15 అగుచున్నవి.

వచ్చిన విలువను మొదటి సమీకరణములో నిలిపి చూచు అలవాటు పిల్లలకు మొదటినుండియు కలిగింపుడు. అది కలిగినచో తప్పును తామే పట్టుకొందురు. రేపటిదాక మాస్టారి కొరకు వేచియుండ నక్కరలేదు.