కరువు సీమకు వరద ఎలా వచ్చింది?

సాంఘికశాస్త్రం పరీక్ష అనగానే మనలో చాలామందికి చరిత్ర కన్నా భూగోళమే భయం. "వాయుగుండం అనగానేమి?" అంటే బట్టీ పట్టినది రాసేస్తాం. "కరువు ప్రాంతంలో వరదలు ఎందుకు వస్తాయి?" అని తిప్పి అడిగితే మాత్రం కలం ఆగిపోతుంది. అందుకే స్టడీ అవర్‌లో మేము ఈ పాఠాన్ని 2021 నవంబరు వరదలతో కలిపి చదువుకున్నాం.

నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలు దాటేసరికి తేమ చాలావరకు పోగొట్టుకుంటాయి. రాయలసీమ వర్షచ్ఛాయా ప్రాంతంలో పడుతుంది. కరువుకు ఇదొక కారణం. కానీ మన తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు, బంగాళాఖాతంలోని వాయుగుండాలు కూడా వానలు తెస్తాయి.

2021లో అలాంటి వాయుగుండమే నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. (దీన్ని తుఫాను అని రాయకండి. తుఫాను ఇంతకన్నా బలమైనది.) తేమగాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి వానగా కురుస్తుంది. పుస్తకంలోని పర్వతీయ వర్షపాతం ఇదే. పైన ఉన్నది గట్టి క్వార్ట్‌జైట్ రాయి, నిట్టనిలువు చరియలు. నీరు ఇంకేది తక్కువ, ఉరికేది ఎక్కువ. అదంతా కింద ఉన్న తిరుపతి వీధుల్లోకి వచ్చింది. పగుళ్లలోకి దిగిన నీరు బండలను సడలిస్తుంది. డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు. కట్టకు లీకు పడిందని తెలిసి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టారు. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నిలవలేదు. తెగిపోయి, దిగువ ఊళ్లలో ఎందరో ప్రాణాలు పోయాయి. ముందుగా ఊరు ఖాళీ చేయడం ఎంత అవసరమో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. "విపత్తు నిర్వహణ" ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

పటం గుర్తించేటప్పుడు ఒక జాగ్రత్త. మాలో సగం మంది స్వర్ణముఖిని పెన్నాలో కలిపేశారు! చెయ్యేరు పెన్నాకు ఉపనది. స్వర్ణముఖి మాత్రం శ్రీకాళహస్తి మీదుగా సాగి నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది.