గనులు తవ్విన కొండలకు పచ్చదనపు ప్రమాణాలు: ఏమి కొలవాలి?

గని మూతపడిన తరువాత కొండను తిరిగి పచ్చగా చేయవలసిన బాధ్యత గని యజమానిదే అన్న విషయంలో నేడు భిన్నాభిప్రాయం లేదు. తవ్వకం పూర్తయిన నేలను పశుగ్రాసానికి, వృక్షజాలానికి, జంతుజాలానికి అనువైన స్థితికి తేవాలన్న షరతును గని లీజులలో చేర్చవలసిందిగా 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అయితే ఆ స్థితి వచ్చిందని ఎప్పుడు, దేనిని కొలిచి నిర్ధారించాలి? ప్రమాణం దేనిని కొలుస్తుందో కొండపై చివరకు అదే పెరుగుతుంది. అమెరికాలోని అపలాచియన్ పర్వతాల అనుభవం ఇందుకు నిదర్శనం.

అక్కడ బొగ్గు గనుల పునరుద్ధరణకు 1977లో సమాఖ్య చట్టం వచ్చింది. వైవిధ్యంతో కూడిన, శాశ్వతమైన, తనంత తాను పునరుత్పత్తి చెందగల వృక్షసంపద ఏర్పడాలని, అది నేలను కప్పే విస్తృతి సహజ వృక్షసంపద కన్న తగ్గరాదని ఆ చట్టం నిర్దేశించింది. నిబంధనల ప్రకారం నేలకప్పు గాని, దిగుబడి గాని, చెట్ల సంఖ్య గాని నిర్ణీత ప్రమాణంలో కనీసం 90 శాతం ఉండాలి. ఆ నిర్ధారణకు గణాంక విశ్వసనీయత కూడా 90 శాతం ఉండాలి. చివరిసారిగా విత్తనం చల్లి, ఎరువు వేసి, నీరు పెట్టిన ఏడాది తరువాత యజమాని బాధ్యత ఐదేళ్ళు కొనసాగుతుంది. సగటు వార్షిక వర్షపాతం 26 అంగుళాలకు, అనగా సుమారు 660 మి.మీ.కు మించని చోట పదేళ్ళు. అంతవరకు పూచీ సొమ్ము పూర్తిగా విడుదల కాదు.

కాగితంపై ఇది చక్కని ఏర్పాటే. కాని వైవిధ్యాన్ని, శాశ్వతత్వాన్ని కొలవడం కష్టం. నేలకప్పును కొలవడం సులభం. పైగా వాలు జారుతుందన్న భయంతో బుల్డోజర్లు మట్టిని పదేపదే తొక్కి చదును చేశాయి. దానిపై టాల్ ఫెస్క్యూ గడ్డి, సెరీసియా లెస్పెడెజా వంటి దూకుడుగా అల్లుకునే జాతులను చల్లారు. కొద్దికాలంలోనే కొండ పచ్చబడింది, తనిఖీలో నెగ్గింది. ఒకనాడు ఓక్ తదితర గట్టికలప వృక్షాలతో నిండిన ఆ వాలులపై అడవి మాత్రం తిరిగి రాలేదు. గట్టిపడిన నేలలోకి మొక్కల వేర్లు దిగలేదు. దిగినవాటికి గడ్డితో పోటీ తప్పలేదు.

ఈ అనుభవం నుండే 2004 తరువాత అక్కడ అటవీ పునరుద్ధరణ విధానం ప్రచారంలోకి వచ్చింది. వేర్లు పెరిగే మట్టి కనీసం 1.2 మీటర్ల లోతున ఉండాలి, దానిని వదులుగా పరచాలి, మెల్లగా పెరిగే పొట్టి జాతులనే నేలకప్పుగా వేయాలి. తొలి ఏళ్ళలో కప్పు పలుచగా కనిపించడం ఇక్కడ లోపంగా పరిగణింపబడదు.

మన దేశంలో డూన్ లోయ సున్నపురాయి క్వారీలు మరొక పాఠం. సహస్రధార వద్ద 64 హెక్టార్ల పాడుబడిన పరీవాహకంలో డెహ్రాడూన్ నేల, నీటి సంరక్షణ పరిశోధన సంస్థ రాతి గేబియన్లు, జనపనార వలలు, వావిలి వంటి మొండి జాతులతో పని చేసింది. వృక్షకప్పు 10 నుండి 80 శాతానికి పెరిగింది. నా దృష్టిలో అంతకన్న విలువైనవి మిగిలిన రెండు కొలతలు: హెక్టారుకు ఏటా 550 టన్నులుగా కొట్టుకుపోయే రాతిమట్టి పది టన్నుల లోపుకు తగ్గింది, వర్షాలు వెలిసిన తరువాత వాగు పారే కాలం 60 రోజుల నుండి 240 రోజులకు పెరిగింది. దిగువ రైతుకు కావలసిన ప్రమాణం ఇదే.

తూర్పు కనుమలకు అమెరికా అంకెలను యథాతథంగా తేవడం తగదు. విశాఖ మన్యంలో వర్షపాతం 1,000 మి.మీ. దాటుతుంది గనుక ఐదేళ్ళ గడువు చాలునని వాదించవచ్చు. కాని ఆ వాన ప్రధానంగా కొద్ది నెలలలోనే కురిసి, తరువాత దీర్ఘమైన ఎండకాలం సాగుతుంది. సెప్టెంబరులో కొలిస్తే ఏ మట్టిదిబ్బ అయినా పచ్చగానే ఉంటుంది. కనుక ఏప్రిల్, మే నెలలలోనూ కొలవాలి. నీలగిరి, సుబాబుల్ వరుసలతో కప్పు శాతాన్ని సాధించవచ్చు గాని, వాటి కింద మద్ది, ఏగిస మొలకలు స్వయంగా వస్తున్నాయా అన్నది విడిగా లెక్కించాలి. ఇందుకు సమీపంలోని చెక్కుచెదరని వాలును పోలిక క్షేత్రంగా ముందే గుర్తించడం అవసరం.

నేల స్థూల సాంద్రతను మొక్కలు నాటక ముందే పరీక్షించాలి. తరువాత సరిచేయడం మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఘన సెంటీమీటరుకు బంకనేలలో సుమారు 1.5 గ్రాములు, ఇసుకనేలలో 1.8 గ్రాములు దాటితే వేర్ల పెరుగుదల కుంటుపడుతుంది. గని దిబ్బలలో రాళ్ళ వల్ల మామూలు గొట్టపు నమూనా దిగదు. గుంట తవ్వి, దాని ఘనపరిమాణం కొలిచి, రాళ్ళ బరువును, పరిమాణాన్ని తీసివేసి లెక్కించాలి.